భాగం 9: యుద్ధరంగంలో కెమెరా - యెవ్‌గెనీ ఖల్దేయ్ ఛాయాచిత్రాల విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:

- సైనిక ఛాయాచిత్రకారుడి వృత్తిలో ఉండే రెండు బాధ్యతలను, వాటి మధ్య ఘర్షణను గుర్తించగలుగుతారు.
- యెవ్‌గెనీ ఖల్దేయ్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించగలుగుతారు.
- ఒక ఘటనను కెమెరా కోసం మళ్లీ జరిపించడానికీ, ఫోటోలో ఉన్నదాన్ని చెరిపేయడానికీ ఉన్న తేడాను చర్చించగలుగుతారు.
- యుద్ధ ఛాయాచిత్రాలను ప్రశ్నిస్తూ చదవగలుగుతారు.

9.1 ప్రవేశిక

వార్తా ఛాయాచిత్రం లక్షణాలను గురించి ఇంతకుముందు భాగంలో తెలుసుకున్నారు. ఘటన జరిగిన చోట ఉండటం, జరిగినదాన్ని ఉన్నదున్నట్టుగా పట్టుకోవడం, దాన్ని పాఠకుడికి చేర్చడం వార్తా ఛాయాచిత్రకారుడి పనులని చదివారు. ఆ సూత్రాలు చిక్కుల్లో పడే సందర్భాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం. ఛాయాచిత్రకారుడే సైనిక యూనిఫాం వేసుకుంటే ఏమవుతుంది? అతడికి జీతమిచ్చేదీ, యుద్ధరంగానికి పంపేదీ, తీసిన ఫోటోల్లో ఏది అచ్చు కావాలో నిర్ణయించేదీ ఒకే ప్రభుత్వమైనప్పుడు ఆ ఫోటోలను మనం ఎంతవరకు నమ్మవచ్చు?

ఈ ప్రశ్నకు సాధారణ సూత్రాలతో జవాబు చెప్పడం కంటే ఒక వ్యక్తి కృషిని దగ్గరగా చూడటం మేలు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం వెంట తిరిగిన యెవ్‌గెనీ ఖల్దేయ్‌ని ఇందుకు ఎంచుకున్నాం. ఆయన పేరు మీరు విని ఉండకపోవచ్చు. కానీ బెర్లిన్‌లో జర్మన్ పార్లమెంటు భవనమైన రైష్‌టాగ్ పైకప్పు అంచున నిలబడి ఎర్రజెండా ఎగరేస్తున్న సైనికుడి ఫోటోను ఏదో ఒక చరిత్ర పుస్తకంలో చూసే ఉంటారు. అది ఆయన తీసినదే. ఆయన కీర్తి ఆ ఫోటోతోనే ప్రపంచమంతా పాకింది. ఆయన మీద అనుమానం కూడా దానితోనే మొదలైంది.

'ఖల్దేయ్ నిజాయితీపరుడా, ప్రచారకుడా?' అనే ప్రశ్న దగ్గర చాలామంది విమర్శకులు ఆగిపోతారు. ఆ ప్రశ్న మనల్ని ఎక్కువ దూరం తీసుకుపోదని ఈ భాగం వాదిస్తుంది. ఒకే మనిషి, ఒకే యూనిఫాంలో, కొన్ని నెలల తేడాతో సాక్ష్యాలనూ తీశాడు, స్మారకాలనూ తీశాడు. రెండింటినీ ఒకే తక్కెడలో తూచకూడదు. ఏది సాక్ష్యం, ఏది స్మారకం అని విడదీసి, ఆ తరవాతే తీర్పు చెప్పాలి.

(గమనిక: ఈ పుస్తకంలో ఫోటోలను ముద్రించలేదు. అందువల్ల చర్చకు అవసరమైన మేరకు వాటిని మాటల్లో వర్ణించాం. వీలైతే గ్రంథాలయంలోగాని, అధ్యయన కేంద్రంలోగాని వాటిని చూసి, మా వర్ణనతో పోల్చుకోండి.)

9.2 బాల్యం, వృత్తి ప్రవేశం

ఖల్దేయ్ 1917 మార్చిలో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని యూజొవ్కా పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. నేటి ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ నగరమే ఆ యూజొవ్కా. ఆయనకు ఏడాది వయసున్నప్పుడు, అంతర్యుద్ధపు అల్లర్లలో యూదుల మీద మూకదాడి జరిగింది. తల్లిని కాల్చి చంపారు. ఆమె శరీరంలోంచి దూసుకువచ్చిన గుండు చంటిబిడ్డకూ తగిలింది. బిడ్డ బతికాడు. అమ్మమ్మ పెంపకంలో పెరిగాడు.

పన్నెండేళ్లు దాటాయో లేదో, ఒక అట్టపెట్టెకు అమ్మమ్మ కళ్లజోడులోని అద్దాన్ని అమర్చి సొంతంగా కెమెరా తయారు చేసుకున్నాడు. 1936 నాటికి సోవియట్ ప్రభుత్వ వార్తాసంస్థ తాస్‌లో ఛాయాచిత్రకారుడిగా చేరాడు. అప్పటికి ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు.

ఆనాటి సోవియట్ పత్రికల వాతావరణాన్ని ఇక్కడ గుర్తుంచుకోవాలి. కర్మాగారంలో కార్మికుడిని, పొలంలో రైతును తగిన చోట నిలబెట్టి, తగిన వెలుగులో ఫోటో తీయడం అక్కడ తప్పు కాదు. అది వృత్తి నైపుణ్యమే. ఫోటోలోంచి మనుషులను మాయం చేయడం కూడా జరిగేది. రహస్య పోలీసు శాఖ అధిపతి నికొలాయ్ యెజొవ్ స్టాలిన్ పక్కన నడుస్తున్న ఒక ఫోటో ఉంది. యెజొవ్ పదవి పోగొట్టుకుని మరణశిక్షకు గురైన తరవాత, అదే ఫోటోలో ఆయన ఉన్నచోట నీళ్లు మాత్రమే కనబడేలా దిద్దారు. ఖల్దేయ్ పని నేర్చుకున్నది ఇలాంటి వ్యవస్థలో. ఆయన ఫోటోలను అంచనా వేసేటప్పుడు దీన్ని సాకుగా వాడుకోకూడదు, మరచిపోనూ కూడదు.

9.3 యుద్ధపు మొదటి రోజు, ముర్మాన్స్క్ దుప్పి

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేసింది. ఆ మధ్యాహ్నం విదేశాంగ మంత్రి మొలొతొవ్ రేడియోలో ఆ వార్తను ప్రకటించాడు. తాస్ కార్యాలయంలో ఉన్న ఖల్దేయ్ కెమెరా తీసుకుని వీధిలోకి వచ్చారు. వీధి లౌడ్‌స్పీకరు కింద జనం గుమిగూడి వింటున్నారు.

ఈ ఫోటోలో సైనికుడు లేడు, తుపాకీ లేదు, శత్రువు లేడు. కొందరు స్త్రీపురుషులు తల పైకెత్తి ఒకే వైపు చూస్తున్నారు. ఒకరి ముఖంలో ఆందోళన, మరొకరి ముఖంలో నమ్మలేకపోవడం కనబడతాయి. ఎవరికీ ఛాయాచిత్రకారుడి మీద ధ్యాస లేదు. యుద్ధం మనిషి దగ్గరికి మొదట ఒక వార్తగా వస్తుందని ఈ ఫోటో చెబుతుంది. ఇందులో ఏర్పాటు ఏమీ లేదు, దిద్దుబాటు అవసరమూ రాలేదు.

ఆ తరవాత ఆయనను నౌకాదళంతో పాటు ఉత్తరాన ఉన్న ముర్మాన్స్క్ రేవుకు పంపారు. అక్కడి ప్రసిద్ధమైన ఫోటోలో ఒక ధ్రువపు దుప్పి ఒంటరిగా నిలబడి ఉంటుంది. వెనక బాంబు పేలుతుంది. ఆకాశంలో విమానాలు ఎగురుతుంటాయి. చూడగానే మనసుకు పట్టే చిత్రం. అయితే ఇది ఒకే క్షణంలో తీసిన ఫోటో కాదు. దుప్పి ఫోటోకు విమానాలనూ, పేలుడునూ తరవాత చేర్చారు.

ఈ రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించండి. బాంబుల మోతకు బెదిరి మనుషుల దగ్గరికి చేరిన జంతువు కథ అబద్ధం కాకపోవచ్చు. ముర్మాన్స్క్ మీద బాంబులు పడ్డమాటా నిజమే. కానీ ఆ దుప్పి, ఆ పేలుడు, ఆ విమానాలు ఒకే క్షణంలో కెమెరా ముందు లేవు. కాబట్టి దీన్ని యుద్ధాన్ని గురించిన చిత్రంగా మెచ్చుకోవచ్చు. ఫలానా రోజున ఫలానాది జరిగిందని చెప్పడానికి మాత్రం దీన్ని చూపించలేం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1

1. 1941 జూన్ 22 నాటి ఫోటోకూ, ముర్మాన్స్క్ దుప్పి ఫోటోకూ మధ్య ప్రధానమైన తేడా ఏమిటి?
2. ఖల్దేయ్ వృత్తి నేర్చుకున్న నాటి పత్రికా వాతావరణాన్ని మూడు వాక్యాల్లో రాయండి.

(మీ జవాబులను నోటు పుస్తకంలో రాసుకుని, 9.2, 9.3 అంశాలతో సరిచూసుకోండి.)

9.4 కెర్చ్: మృతుల ముందు కెమెరా

1941 డిసెంబరు చివర సోవియట్ దళాలు క్రిమియాలోని కెర్చ్ నగరాన్ని కొంతకాలం పాటు తిరిగి స్వాధీనం చేసుకున్నాయి. నగరానికి దగ్గరలో బగెరొవో గ్రామం పక్కన ట్యాంకులను అడ్డుకోవడానికి తవ్విన పొడవైన కందకం ఒకటి ఉంది. జర్మన్లు వేలాది పౌరులను అక్కడికి తీసుకువెళ్లి కాల్చి చంపారు. చనిపోయినవారిలో అత్యధికులు యూదులు. 1942 జనవరిలో ఖల్దేయ్ అక్కడికి చేరుకున్నారు. మంచులో పడి ఉన్న శవాలను, వాటి మధ్య తమవారి కోసం వెతుకుతున్న బంధువులను ఫోటో తీశారు.

అదే రోజుల్లో అదే చోట ద్మీత్రి బాల్తెర్మాంత్స్ అనే మరో సోవియట్ ఛాయాచిత్రకారుడు కూడా పనిచేశాడు. శవాల మధ్య వంగి రోదిస్తున్న స్త్రీల ఫోటో ఆయనకు చాలా ఏళ్ల తరవాత 'శోకం' అనే పేరుతో ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. అయితే ప్రపంచం చూసిన ఆ ఫోటోలో మృతుల పైన కమ్ముకున్న నల్లమబ్బులు అసలు నెగటివ్‌లోవి కావు. ప్రింటు వేసేటప్పుడు చేర్చినవి.

మబ్బులు చేర్చడం వల్ల హత్యాకాండ అబద్ధమైపోదు. కానీ ఆ ఆకాశం చూసేవారి ఏడుపును ముందే సిద్ధం చేసి పెడుతుంది. ఖల్దేయ్ కెర్చ్ ఫోటోల్లో అలాంటి సాయం లేదు. నేల, మంచు, మనుషులు ఉన్నారు. అంతే. కళాత్మకంగా బాల్తెర్మాంత్స్ ఫోటోది పైచేయి అని ఎవరైనా అంటే కాదనలేం. కానీ సాక్ష్యం కళతో బలపడుతుందా, బలహీనపడుతుందా అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఎవరైనా ఆ మబ్బులను చూపించి 'ఇదంతా కల్పన' అనగలిగితే, నష్టపోయేది ఛాయాచిత్రకారుడు కాదు, కందకంలో ఉన్నవారు.

మరో సంగతి కూడా గమనించాలి. ఇలాంటి మారణకాండలను గురించి రాసేటప్పుడు సోవియట్ అధికారిక రచనలు చాలాసార్లు 'యూదులు' అనే మాట బదులు 'శాంతియుత సోవియట్ పౌరులు' అనే మాట వాడాయి. అంటే ఫోటోను ముట్టుకోకుండానే, కింద రాసే వ్యాఖ్యతో అందులోని నిజాన్ని సగం దాచవచ్చు. ఖల్దేయ్‌కి ఇది దూరపు సంగతి కాదు. జర్మన్ ఆక్రమణ కాలంలో ఆయన తండ్రినీ, నలుగురు అక్కచెల్లెళ్లలో ముగ్గురినీ నాజీలు చంపేశారు.

9.5 బుడాపెస్ట్: భయం ఎవరిని చూసి?

ఖల్దేయ్ సైన్యంతో పాటు రొమేనియా, బల్గేరియాల మీదుగా 1945 జనవరికి హంగరీ రాజధాని బుడాపెస్ట్‌కు చేరుకున్నారు. నగరంలో ఇంకా పోరు ఆగలేదు. వీధిలో ఒక జంట ఎదురైంది. ఇద్దరి కోట్ల మీదా యూదులని గుర్తుపట్టడానికి నాజీ పాలనలో తప్పనిసరి చేసిన పచ్చ నక్షత్రాలు ఉన్నాయి. ఆయన వారిని ఫోటో తీశారు.

ఈ ఫోటోను చూసినవారికి మొదట కనబడేది నక్షత్రాలు. తరవాత ఆ ముఖాలు. వారిద్దరూ నేరుగా కెమెరా వైపు చూస్తున్నారు. విముక్తి పొందిన మనుషుల ముఖాల్లా లేవవి. ఎందుకంటే ఎదురుగా నల్లని తోలు కోటు వేసుకుని నిలబడ్డ మనిషి నాజీ ఎస్ఎస్ దళానికి చెందినవాడేమోనని వారు భయపడ్డారట. యూదులు పరస్పరం చెప్పుకునే నమస్కార వాక్యంతో తాను పలకరించాననీ, ఆ స్త్రీ ఏడ్చిందనీ, ఫోటో తీసిన తరవాత ఆ నక్షత్రాలను తానే పీకేశాననీ ఖల్దేయ్ తరవాతి కాలంలో చెప్పారు.

ఆయన కృషిలో ఇది అత్యుత్తమమైన ఫోటో అని మా అభిప్రాయం. మూడు కారణాలు చెబుతాం. మొదటిది, ఇందులో చేర్చినదీ తీసేసినదీ ఏమీ లేదు. రెండోది, సైన్యం గెలుపును చూపించే ఉద్దేశం దీనికి లేదు. గెలిచిన సైన్యం వచ్చిన తరవాత కూడా భయం వెంటనే పోదని ఇది చూపిస్తుంది. మూడోది, ముఖ్యమైనది. ఆ ముఖాల్లోని భయానికి అప్పటికప్పుడు కారణం ఛాయాచిత్రకారుడే. ఛాయాచిత్రకారుడు ఘటనకు బయట నిలబడి చూస్తాడని పుస్తకాల్లో చదువుతాం. యూనిఫాంలో ఉన్నవాడు అలా బయట ఉండలేడని ఈ ఫోటో రుజువు చేస్తుంది.

ఒక అభ్యంతరం రావచ్చు: నక్షత్రాలను పీకేయక ముందు ఫోటో తీయడం న్యాయమా? ముందు ఆ అవమానపు గుర్తును తీసేసి, తరవాత ఫోటో తీసి ఉండవచ్చు కదా? అలా తీసి ఉంటే ఒక ఆనందకరమైన ఫోటో మిగిలేది, సాక్ష్యం పోయేది. ఆయన ముందు సాక్షి పని చేసి, తరవాత మనిషి పని చేశారు. ఆ వరుస సరైనదేనా అన్నది మీరు ఆలోచించి తేల్చుకోవలసిన విషయం.

9.6 రైష్‌టాగ్: జెండా, గడియారం

ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. 1945 ఫిబ్రవరి 23న పసిఫిక్ సముద్రంలోని ఇవొ జిమ దీవి మీద అమెరికన్ సైనికులు జెండా ఎత్తుతున్న ఫోటోను జో రొసెంతాల్ తీశాడు. అది ప్రపంచమంతా అచ్చయింది. అలాంటి ఫోటో సోవియట్ విజయానికీ కావాలనుకున్నారు ఖల్దేయ్. తాస్ కార్యాలయంలో సమావేశాలకు వాడే ఎర్రని మేజాబట్టలను సంపాదించి, తెలిసిన దర్జీ చేత మూడు జెండాలు కుట్టించుకుని బెర్లిన్‌కు వెళ్లారు. ఒకటి టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం మీద, ఒకటి బ్రాండెన్‌బుర్గ్ ద్వారం మీద, మూడోది రైష్‌టాగ్ మీద ఎగరేయించారు.

రైష్‌టాగ్ మీద మొదటి జెండా ఏప్రిల్ 30 రాత్రే ఎగిరింది. చీకట్లో దాన్ని ఎవరూ ఫోటో తీయలేదు. భవనం లోపల పోరు మే 2 వరకు సాగింది. ఆ రోజు ఖల్దేయ్ అక్కడ కనబడ్డ సైనికులను తీసుకుని పైకెక్కారు. ఒకరు జెండా పట్టుకుని అంచున నిలబడితే, మరొకరు కింద నుంచి కాలు పట్టుకుని ఆదుకున్నారు. తన లైకా కెమెరాలోని మొత్తం రీలు, 36 ఫ్రేములు, ఆ జెండాకే వాడేశారు. ఫోటో మే 13న 'అగన్యోక్' పత్రికలో వచ్చింది.

అచ్చుకు ముందు రెండు దిద్దుబాట్లు జరిగాయి. నగరం మీద పొగ దట్టంగా కనబడేలా చేశారు. కాలు పట్టుకున్న సైనికుడి రెండు చేతులకూ గడియారాలు ఉండటం గమనించి, ఒకదాన్ని నెగటివ్ మీద సూదితో గీకి తీసేశారు. రెండు గడియారాలంటే ఒకటి దోచుకున్నదని చూసేవారు అనుకుంటారన్నది కారణం. అది గడియారం కాదు, దిక్సూచి అని వాదించినవారూ ఉన్నారు. ఏదైనా, తీసేసినవారి భయం మాత్రం దోపిడీ గురించే.

జెండా ఘట్టాన్ని మళ్లీ జరిపించడం, పొగ చేర్చడం, గడియారం చెరపడం - ఈ మూడింటినీ కలిపి 'నకిలీ ఫోటో' అనేయడం తేలిక. విడదీసి చూద్దాం.

జెండా ఎగిరిన మాట నిజం. చీకట్లో జరిగినదాన్ని వెలుగులో మళ్లీ చేయించారు. 'ఇది మొదటి జెండా' అని చెప్పనంత వరకు ఇందులో మోసం తక్కువ. పొగ సంగతీ దాదాపు ఇంతే. బెర్లిన్ కాలుతూనే ఉంది, పొగను కొంచెం చిక్కబరిచారు. ఈ రెండూ ఫోటోను సాక్ష్యం నుంచి స్మారకంగా మార్చాయి. కూడలిలోని విగ్రహం అచ్చం ఆ మనిషిలా లేదని మనం తప్పుపట్టం. విగ్రహం దేనికోసమో మనకు తెలుసు కాబట్టి.

గడియారం సంగతి వేరు. అది ఉన్నదాన్ని లేకుండా చేయడం. బెర్లిన్‌లోకి వచ్చిన సైనికుల్లో కొందరు పౌరులను దోచుకున్నారు. స్త్రీల మీద పెద్ద ఎత్తున అత్యాచారాలు జరిగాయి. ఈ నిజం ఫోటోలోకి అనుకోకుండా, ఒక మణికట్టు మీదుగా వచ్చింది. సూది గీకింది ఆ నిజాన్ని. చేర్చడం కంటే చెరపడం పెద్ద తప్పు అన్నది ఈ భాగంలోని ముఖ్య ప్రతిపాదన. చేర్చినదాన్ని శ్రద్ధగా చూసేవాడు ఎప్పటికైనా పసిగట్టగలడు. లేనిదాన్ని వెతకాలన్న ఆలోచనే చూసేవాడికి రాదు.

రొసెంతాల్ ఫోటోతో పోలిక ఇక్కడ ఉపయోగపడుతుంది. ఆయన సైనికులను నిలబెట్టి తీయలేదు. అయినా అది ఆ కొండ మీద ఆ రోజు ఎగిరిన రెండో జెండా. మొదటి జెండాను ఫోటో తీసినది సైన్యానికే చెందిన లూయీ లోవరీ. ఆ ఫోటో మరుగున పడింది. రొసెంతాల్ ఫోటోలో ఉన్న సైనికుల పేర్లను కూడా ఏళ్ల తరబడి తప్పుగా చెప్పి, 2016లోనూ 2019లోనూ సరిదిద్దారు. బెర్లిన్‌లోనూ అదే జరిగింది. అధికారిక చరిత్రలో జెండా వీరులు యెగోరొవ్, కంతారియా. ఫోటోలో ఉన్నది కొవల్యోవ్, ఇస్మాయిలొవ్, గోరిచెవ్. ఈ పేర్లు దశాబ్దాల తరవాతే బయటికి వచ్చాయి. దాగెస్తాన్‌కు చెందిన ఇస్మాయిలొవ్‌కు 1996లో గాని రష్యా వీరుడి బిరుదు దక్కలేదు. స్మారకానికి ముఖాలు కావాలి, పేర్లు అక్కరలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2

1. రైష్‌టాగ్ ఫోటోలో జరిగిన మూడు మార్పులను పేర్కొని, వాటిలో ఏది తీవ్రమైనదో మీ అభిప్రాయం రాయండి.
2. బుడాపెస్ట్ ఫోటోలో ఛాయాచిత్రకారుడు 'ఘటనకు బయట' ఎందుకు లేడు?

9.7 యుద్ధం తరవాత

1945 వేసవిలో పోట్స్‌డామ్ సమావేశంలో స్టాలిన్, ట్రూమన్, చర్చిల్‌లను ఖల్దేయ్ ఫోటో తీశారు. తరవాత నాజీ నాయకుల మీద న్యూరెంబర్గ్‌లో జరిగిన విచారణకు తాస్ తరఫున వెళ్లారు. నిందితుల బోనులో ఉన్న గోరింగ్‌ను పలుమార్లు ఫోటో తీశారు. యుద్ధకాలంలో ఆయన తీసిన ఫోటోలు ఆ విచారణలో సాక్ష్యాలుగా ఉపయోగపడ్డాయి. న్యాయస్థానానికి జెండా ఎగరేసే వీరుడు అక్కరలేదు. కందకంలోని మృతులే కావాలి. మనం చేసిన విభజనను ఆ న్యాయస్థానం మనకంటే ముందే చేసిందనవచ్చు.

1948లో తాస్ ఆయనను ఉద్యోగం నుంచి తొలగించింది. స్టాలిన్ పాలన చివరి ఏళ్లలో యూదుల పట్ల పెరిగిన వ్యతిరేకతే ఇందుకు ప్రధాన కారణమని చరిత్రకారులు భావిస్తారు. విజయానికి ముఖచిత్రాన్ని ఇచ్చిన మనిషి చిన్నచిన్న పత్రికలకు పనిచేస్తూ బతకవలసి వచ్చింది. 1959లో 'ప్రావ్దా' పత్రికలో మళ్లీ స్థానం దొరికింది. విదేశాల్లో ఆయన పేరుకు గుర్తింపు వచ్చింది 1990లలోనే. 1997 అక్టోబరు 6న మాస్కోలో మరణించారు.

ఈ జీవితాన్ని చదివినప్పుడు ఒక సంగతి స్పష్టమవుతుంది. గడియారాన్ని చెరిపిన వ్యవస్థకు మనుషులను చెరపడమూ తెలుసు. దానికి పనిచేసిపెట్టిన ఖల్దేయ్‌ని అదే వ్యవస్థ పక్కకు తోసింది. ఇందువల్ల ఆయన చేసిన దిద్దుబాటు ఒప్పు అయిపోదు. కానీ ఆ దిద్దుబాటును ఒక మనిషి స్వభావ లోపంగా మాత్రమే చూడటం సరికాదని తెలుస్తుంది.

9.8 యుద్ధ ఛాయాచిత్రాన్ని చదవడం ఎలా?

ఇప్పటి యుద్ధాల ఫోటోలు రోజూ మీ ఫోన్‌లోకి వస్తున్నాయి. వాటిలో చాలావాటిని సైన్యాలే విడుదల చేస్తాయి. వాటిని చూసినప్పుడు కింది నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. ఇది ఎవరి అవసరం కోసం తీసినది?
2. ఇందులోని అంశాలన్నీ ఒకే సమయంలో, ఒకే చోట కెమెరా ముందు ఉన్నాయా?
3. కింది వ్యాఖ్య ఫోటోలో కనబడేదాన్నే చెబుతోందా, లేక దేన్నయినా దాస్తోందా?
4. ఉండవలసినది ఏదైనా ఇందులో లేదా?

మొదటి మూడు ప్రశ్నలకు కొంచెం వెతికితే జవాబు దొరుకుతుంది. నాలుగోది కష్టమైనది. యుద్ధాన్ని గురించి ఫోటోకు బయట మీకు ఎంత తెలుసు అన్నదాని మీద అది ఆధారపడుతుంది. అందుకే ఛాయాచిత్ర విమర్శకు చరిత్ర పరిజ్ఞానం తప్పనిసరి.

9.9 సారాంశం

సైనిక ఛాయాచిత్రకారుడికి తన సైన్యం పట్ల ఒక బాధ్యత, తాను చూసినవారి పట్ల ఒక బాధ్యత ఉంటాయి. మాస్కో వీధి, కెర్చ్, బుడాపెస్ట్ ఫోటోల్లో ఖల్దేయ్ రెండో బాధ్యతను నెరవేర్చారు. ముర్మాన్స్క్ దుప్పి, రైష్‌టాగ్ జెండా ఫోటోలు మొదటి బాధ్యతకు చెందినవి. వాటిని స్మారకాలుగా చూడాలి. జెండాను మళ్లీ ఎగరేయించడం కంటే గడియారాన్ని చెరపడం తీవ్రమైన తప్పు. చేతిరాత ప్రతుల్లో కొట్టివేతలను పరిశోధకుడు ఎలా చదువుతాడో, ఫోటోలోని చెరిపివేతలనూ అలాగే చదవాలి. ఆ నెగటివ్ మీది గీత ఇవాళ మనకు గడియారం కంటే ఎక్కువ చెబుతోంది.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. 'ఖల్దేయ్ ఫోటోలన్నింటినీ ఒకే తక్కెడలో తూచకూడదు.' ఈ అభిప్రాయాన్ని ఉదాహరణలతో సమర్థించండి లేదా ఖండించండి.
2. ఫోటోలో లేనిదాన్ని చేర్చడం, ఉన్నదాన్ని చెరపడం - వీటిలో ఏది పెద్ద తప్పు? మీ వాదనను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. కెర్చ్ ఘటనను ఖల్దేయ్, బాల్తెర్మాంత్స్‌ల ఫోటోలు చూపించిన తీరును పోల్చండి.
2. ఇవొ జిమ, రైష్‌టాగ్ ఫోటోల మధ్య పోలికలను, తేడాలను రాయండి.
3. ఈ వారం వార్తాపత్రికలో వచ్చిన ఒక యుద్ధ ఛాయాచిత్రాన్ని తీసుకుని, 9.8లోని నాలుగు ప్రశ్నల ఆధారంగా పరిశీలించండి.